ట్రాన్స్‌ఫార్మర్‌కు మా వీధిలో చోటు లేదు

"కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తప్పకుండా కావాలి సార్, కాకపోతే మా గేటు పక్కన మాత్రం వద్దు." పోయిన వేసవిలో కాగితం పట్టుకుని మా వీధిలో ఇంటింటికీ తిరిగితే దాదాపు ప్రతి గుమ్మంలోనూ ఈ మాటే విన్నాను. సంతకం పెట్టనన్నవాళ్లు ఎవరూ లేరు, అందరూ పెట్టారు. చోటు చూపించమంటే మాత్రం ప్రతి వేలూ పక్కింటి వైపే తిరిగింది. ఆ సంతకాల కాగితం మీద చోటు అనే గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట రోడ్డు నుంచి లోపలికి వెళ్లే వీధి. 2003లో మేం వచ్చినప్పుడు ఒకటి రెండంతస్తుల ఇళ్లు, మధ్యలో ఖాళీ ప్లాట్లు, మూల మీద ఒక 160 కేవీఏ (కేవీఏ అంటే అది మోయగల లోడ్ కొలత) ట్రాన్స్‌ఫార్మర్. ఇప్పుడు ఖాళీ ప్లాటు ఒక్కటీ లేదు, అన్నీ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే, ఒక్కో ఫ్లాటుకు రెండేసి ఏసీలు, పైన లిఫ్టు, కింద బోరు మోటారు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే. ఏప్రిల్ రెండో వారం నుంచి రాత్రి పదిన్నర అయ్యేసరికి ఫ్యూజు పోవడం, లైన్‌మన్ వచ్చి కొత్త వైరు వేసి వెళ్లడం, ఆయన సందు చివరికి వెళ్లేలోపే మళ్లీ పోవడం. జనం చుట్టూ చేరి అరుస్తుంటే ఐదో రోజు ఆయన ఫ్యూజులో రెండు పోగులు వేయాల్సిన చోట నాలుగు పోగులు వేశాడు. ఫ్యూజు నిలబడింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వేరేది తెచ్చి బిగించేసరికి పద్దెనిమిది గంటలు పట్టింది. నాలుగో అంతస్తులో ఉండే మాస్టారి భార్యకు ఆక్సిజన్ మిషన్ కావాలి. ఇన్వర్టర్ తెల్లవారుజాముకు అయిపోయింది, లిఫ్టు లేదు, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్ల మీద నుంచి దించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ నా మనసులో ఒకటే మాట: ఇలా జరుగుతుందని నాకు ముందే తెలుసు కదా.

తెలుసు అని ఎందుకంటున్నానంటే నేను ఇరవై ఏళ్లు కరెంటు పంపిణీ ప్లానింగ్ పనే చేశాను. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకూ ఆసుపత్రులకూ లోడ్ లెక్కలు వేసిపెడుతుంటాను. ఈ ఇరవై ఏళ్లలో నాకు బలంగా అర్థమైనది ఒకటే. పెద్ద నగరానికి కరెంటు నెట్‌వర్క్ డిజైన్ చేయడం అంటే అందరూ మెగావాట్ల లెక్క అనుకుంటారు. అది ముందుగా స్థలం లెక్క. సబ్‌స్టేషన్‌కు ఎకరమో అరెకరమో, కేబుల్‌కు రోడ్డు అంచున మీటరు వెడల్పు కందకం, ట్రాన్స్‌ఫార్మర్‌కు వీధి మూల. ఈ మూడూ నగరం ప్లాన్ గీసేటప్పుడే పక్కన పెట్టకపోతే ఆ తర్వాత ఎంత గొప్ప ఇంజనీరు వచ్చినా చేయగలిగింది చాలా తక్కువ.

కరెంటు పోతే "ఉత్పత్తి లేదు" అనుకోవడం మనకు పాత అలవాటు. దానికి కారణం కూడా ఉంది. 2012, 2013లలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఉండేవి, ఇళ్లకు గంటల లెక్కన కోత ఉండేది, ఆ రోజులు ఎవరం మర్చిపోలేదు. అప్పుడు నిజంగానే కరెంటు చాల్లేదు. ఇప్పుడు మా వీధిలో రాత్రి పదిన్నరకు కరెంటు పోయినప్పుడు మెయిన్ రోడ్డు మీద హోర్డింగులు వెలుగుతూనే ఉంటాయి. కరెంటు ఊరి దాకా వచ్చింది, వీధి మొదటి దాకా కూడా వచ్చింది, చివరి రెండు వందల మీటర్లు దాటలేక ఆగిపోయింది.

ఆ చివరి రెండు వందల మీటర్లు ఎందుకంత కష్టమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు హైదరాబాద్‌కు కరెంటు నగరం మధ్యలోనే తయారయ్యేది. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ గట్టున థర్మల్ కేంద్రం ఉండేది, బొగ్గు అక్కడే కాల్చి అక్కడి నుంచే చుట్టూ లైన్లు లాగేవారు. ఇప్పుడు ఆ దారి తిరగబడింది. కరెంటు ఎక్కడో రామగుండంలోనో శ్రీశైలంలోనో పుట్టి నగరం బయట మామిడిపల్లి, శంకర్‌పల్లి, మహేశ్వరం లాంటి చోట్ల పెద్ద సబ్‌స్టేషన్లకు 400 కేవీ (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు) మీద చేరుతుంది. అక్కడి నుంచి 220, 132, తర్వాత 33, తర్వాత 11 కేవీ, చివరికి మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 433 వోల్టులు, మీ ఇంట్లో ప్లగ్ దగ్గర 230.

ఇన్ని మెట్లు ఎందుకంటే, ఒకే పవర్‌ను పదిరెట్లు ఎక్కువ వోల్టేజీ మీద పంపితే తీగలో కరెంటు పదోవంతవుతుంది. తీగ వేడెక్కి పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నూరోవంతవుతుంది. మా మూల మీది 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకోండి. పూర్తి లోడ్ మీద దాని 11 కేవీ వైపు ఎనిమిదిన్నర ఆంపియర్లు కూడా పారవు, మన ఇళ్ల వైపు 213 ఆంపియర్లు పారతాయి. అదే వీధి, అదే పవర్, ఒక వైపు సన్నని తీగ చాలు, ఇంకో వైపు ఎంత లావు తీగ వేసినా వేడే. అందుకే ఎల్‌టీ లైను, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ లైను, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడుగు పెరిగేకొద్దీ చివరి ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అవ్వక గురగురమంటుంది, ఏసీ ఆగిపోతుంది. మంచి డిజైన్ అంటే 11 కేవీని జనం ఇళ్లకు వీలైనంత దగ్గరగా తీసుకురావడం, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ చోట్ల పెట్టడం. మళ్లీ అక్కడే పడతాం. ఎక్కువ చోట్ల అంటే ఎవరి గేటు పక్కన?

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు, న్యూట్రల్, అంటే ఇళ్ల నుంచి కరెంటు వెనక్కి వెళ్లే తీగ. మూడు ఫేజుల్లో లోడ్ సమానంగా లేనప్పుడు న్యూట్రల్ తీగ తెగితే ఒక ఫేజు ఇళ్లలో వోల్టేజీ పడిపోయి ఇంకో ఫేజు ఇళ్లలో మూడు వందలు దాటుతుంది. మా పక్క వీధిలో ఒకసారి ఇలాగే జరిగి ఒక్క సాయంత్రం టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, కొత్తగా కొన్న వాషింగ్ మిషను కాలిపోయాయి. పిడుగు పడిందనుకున్నారు. పడింది పిడుగు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తుప్పు పట్టిన ఒక క్లాంపు ఊడింది. దానికి తోడు న్యూట్రల్‌ను భూమికి కలిపే ఎర్త్ గుంటలో ఎండాకాలం రెండు బిందెల నీళ్లు పోసే మనిషి లేడు.

ఇప్పుడు లోడ్ లెక్కకు వద్దాం, ఎందుకంటే పాత పుస్తకాల్లో నేర్చుకున్న లెక్క ఇప్పుడు పనిచేయడం లేదు. నలభై ఫ్లాట్లు, ఒక్కోటి ఐదు కిలోవాట్లు రాయించుకుంటే మొత్తం రెండు వందలు. కానీ అందరూ అన్నీ ఒకేసారి వేయరు కదా, ఒకరు గీజర్ వేసినప్పుడు ఇంకొకరు నిద్రపోతుంటారు, కాబట్టి అందులో సగానికో ఇంకా తక్కువకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవాళ్లం. దీన్ని డైవర్సిటీ అంటాం. మిక్సీలు, గీజర్ల కాలంలో ఇది బాగా నడిచింది. ఏసీ దాన్ని దెబ్బతీసింది. మే నెల రాత్రి పదిన్నరకు నలభై ఫ్లాట్లలో నలభై కుటుంబాలూ ఒకేసారి ఏసీ వేస్తాయి, తెల్లారేదాకా ఆపవు. రెండేసి ఏసీలు, ఒక్కోటి ఒకటిన్నర కిలోవాటు వేసుకున్నా ఆ ఒక్క బిల్డింగే 120 కిలోవాట్లు. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇలాంటి బిల్డింగులు ఎన్ని ఉన్నాయో మీరే ఊహించుకోండి.

పైగా పాతకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి పూట చల్లబడేది. పగలు వేడెక్కిన ఆయిల్ రాత్రి లోడ్ తగ్గాక నెమ్మదిగా చల్లారేది, మర్నాటికి సిద్ధమయ్యేది. ఇప్పుడు పగలంతా నలభై రెండు డిగ్రీల ఎండలో నిలబడి, రాత్రి అసలు లోడ్ మోస్తుంది. లోపలి వైండింగ్ మీది కాగితం ఇన్సులేషన్ హద్దు దాటిన ప్రతి ఆరేడు డిగ్రీల వేడికీ సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. పాతికేళ్లు బతకాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ ఏడెనిమిదేళ్లలో పోతే అది తయారీ లోపం అని నేననుకోను. ఇక మీదట అదే రాత్రి, అదే గంటకు ఎలక్ట్రిక్ స్కూటర్లు, కార్లు చార్జింగ్‌కు పెడతారు, ఒక్కో కారు ఇంకో రెండు ఏసీలతో సమానం. మేడ మీద సోలార్ పెట్టుకోండి, నేను కూడా పెట్టుకున్నాను, కానీ అది మధ్యాహ్నం ఇస్తుంది, రాత్రి పదిన్నర లోడ్‌కు దాని సాయం లేదు.

నగరం మొత్తంగా చూస్తే గ్రేటర్ హైదరాబాద్ గరిష్ఠ డిమాండ్ 2023 వేసవిలో 3,756 మెగావాట్లు, 2024 మే 6న 4,352 మెగావాట్లు. ఒక్క ఏడాదిలో దాదాపు ఆరు వందలు పెరిగింది. ఆ ఆరు వందల మెగావాట్లు కొనడానికి ఫోన్ మీద మార్కెట్ ఉంది. వాటిని నిజాంపేట వీధిలోకి తేవడానికి సబ్‌స్టేషన్ కట్టాలి, కొత్త ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధి ట్రాన్స్‌ఫార్మర్లకు వెళ్లే లైను) లాగాలి, వాటికి ఏళ్లు పడుతుంది.

ఈ మొత్తంలో నేను అందరితో గట్టిగా వాదించే విషయం ఖాళీ గురించి, అంటే లైన్లలో వాడకుండా మిగిల్చి ఉంచాల్సిన సామర్థ్యం గురించి. మామూలు 11 కేవీ ఫీడర్ రెండు వందల ఆంపియర్లు మోస్తుందనుకుంటే అది మూడు వేల ఎనిమిది వందల కేవీఏ, అంటే 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు పన్నెండు. కానీ నిజంగా నమ్మదగిన నెట్‌వర్క్ కావాలంటే ఆ ఫీడర్ మీద సగమే లోడ్ పెట్టాలి. ఎందుకంటే పక్క ఫీడర్ తెగినప్పుడు దాని ఇళ్లను ఇది మోయాలి. రెండు ఫీడర్ల కొసలు ఒక చోట కలిపి, మామూలుగా ఆ స్విచ్ తెరిచి ఉంచి, ఒకటి పోయినప్పుడు మూస్తాం. ఆ చోట పెట్టే పెట్టెనే రింగ్ మెయిన్ యూనిట్ అంటారు. సబ్‌స్టేషన్‌లో రెండు పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటే రెండిటి మీదా సగం సగం లోడే ఉండాలి, ఒకటి పోతే రెండోది మొత్తం ఎత్తుకోవాలి. ఇది పుస్తకంలో అందరూ చదువుకున్నదే. మీటింగులో చెబితే మాత్రం "సగం ఖాళీగా ఉంది కదా, ఈ కొత్త వెంచర్‌ను దీనికే కలిపేయండి" అంటారు. అలా కలిపి కలిపి రెండూ నిండిపోతాయి. అప్పుడు కాగితం మీద రింగ్ ఉంటుంది, అవసరం పడ్డ రాత్రి స్విచ్ మూస్తే రెండో ఫీడర్ కూడా ట్రిప్ అవుతుంది. నేను ఇది కళ్లారా చూశాను, ఒకటి రెండు సార్లు కాదు. ఆ ఖాళీ మనం వాడని ఆస్తి అనుకునేవాళ్లకు నా విన్నపం, అగ్నిమాపక బండి రోజంతా షెడ్డులో నిలబడి ఉంటే దాన్ని కూరగాయలు తేవడానికి పంపుతామా?

ఈ ఖాళీ లేకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నగరం 1998లో చూసింది. నగరం నడిబొడ్డుకు కరెంటు ప్రధానంగా నాలుగు 110 కేవీ భూగర్భ కేబుళ్ల మీద వచ్చేది. నాలుగు ఉన్నాయి కదా అని ధైర్యం. వేసవి, అక్కడ జనవరి ఫిబ్రవరి అంటే వేసవి, వేడికి నేల ఎండింది. మొదట ఒకటి పోయింది, దాని లోడ్ మిగతావాటి మీద పడింది, తర్వాత ఇంకొకటి, నెల తిరక్కముందే ఫిబ్రవరి 20కి నాలుగూ పోయాయి. నడిబొడ్డు దాదాపు ఐదు వారాలు చీకట్లో ఉంది. షాపులు జనరేటర్ల మీద, ఆఫీసులు వేరే ఊళ్లకు. అది పేద దేశం కాదు, ఉత్పత్తి కొరత అసలే లేదు. నాలుగు కేబుళ్లలో రెండు బాగా పాతవి, ఒకటి పోతే మిగతావి మోయగలిగే స్థితిలో లేవు.

ఇప్పుడు మళ్లీ స్థలం దగ్గరికి. 2006లో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే లెక్క) పరిమితి ఎత్తేశారు. అంటే రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా లాంటి నియమాలు పాటిస్తే అంతస్తులకు లెక్క లేదు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కానీ ఎకరానికి ఎంత లోడ్ వస్తుందో ముందే చెప్పగలిగే ఆధారం ప్లానింగ్ ఇంజనీర్‌కు ఆ రోజుతో పోయింది. అదే ఎకరంలో ఒకచోట పది ఇళ్లు, ఇంకోచోట నలభై అంతస్తుల టవర్లు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ రేటు ఉన్నచోట ఆరుబయలు సబ్‌స్టేషన్‌కు ఎకరం ఇవ్వమని ఎవరిని అడగాలి? ముందే, లేఅవుట్ గీసిన రోజే, పార్కుకు వదిలినట్టు దీనికీ వదిలి ఉండాల్సింది. లేఅవుట్‌లో కొంత ఖాళీ జాగా వదలడం అందరికీ తెలిసిన నియమం, పార్కు లేకపోతే కొనేవాళ్లు అడుగుతారు. సబ్‌స్టేషన్ ఎక్కడ అని అడిగిన కొనుగోలుదారుణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

స్థలం తగ్గించే దారి లేదా అంటే ఉంది. గ్యాస్ నింపిన పరికరాలతో కట్టే జీఐఎస్ సబ్‌స్టేషన్లు చాలా తక్కువ జాగాలో, బిల్డింగ్ లోపల పడతాయి. రాయదుర్గంలో 400 కేవీ జీఐఎస్ సబ్‌స్టేషనే కట్టారు. టోక్యోలో షిన్-టోయోసు అనే 500 కేవీ సబ్‌స్టేషన్ 2000 సంవత్సరం నుంచి నేల లోపలే పనిచేస్తోంది, పైన ఆఫీసు భవనం ఉంది. మనకు 33 కేవీ చాలు, అంత పెద్దది అక్కర్లేదు. ఇరవై ముప్పై అంతస్తులు కట్టే ప్రతి ప్రాజెక్టూ తన సెల్లార్‌లోనో పోడియంలోనో చిన్న ఇండోర్ సబ్‌స్టేషన్‌కు జాగా ఇవ్వాలని, ఇస్తేనే పర్మిషన్ అని నియమం పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. కార్ పార్కింగ్‌కు మూడు సెల్లార్లు తవ్వగలిగినవాళ్లు దీనికి ఒక మూల ఇవ్వలేరంటే నేను నమ్మను. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగేది ఫ్లాటు ధరలో ఎంతో లెక్క వేసి చూపిస్తే కొనేవాళ్లలో చాలామంది ఒప్పుకుంటారు.

భూగర్భ కేబుళ్ల గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను, ఎందుకంటే కామెంట్లలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. మా అక్కవాళ్లది విశాఖ ఎంవీపీ కాలనీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఆ ఊరి మీదే తీరం దాటింది. వారం తర్వాత నేను వెళ్లేసరికి వీధి పొడవునా స్తంభాలు వంగి, విరిగి, తీగలు చెట్ల కొమ్మల్లో చిక్కుకుని ఉన్నాయి. మోటారు లేక నీళ్లు లేవు, బావగారు ట్యాంకర్ వెనక బిందెలతో పరిగెత్తడం చూశాను, రిటైరైన మనిషి. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో పెద్ద ఎత్తున భూగర్భ కేబుళ్లు వేశారు. తుపాను తీరంలో ఉన్న నగరానికి అది సరైన పని, నాకు రెండో ఆలోచన లేదు.

హైదరాబాద్‌కు కారణం వేరు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. స్తంభాల మీద కరెంటు తీగల కింద ఇంటర్నెట్ కేబుళ్లు, టీవీ కేబుళ్లు గుత్తులుగా వేలాడుతున్న ఊరు మనది. ప్రాణాల కోసమైనా తీగలు నేలలోకి వెళ్లాలి. కానీ నేలలో పెడితే సమస్య తీరిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. పైన తీగ తెగితే లైన్‌మన్ కంటికి కనిపిస్తుంది, గంటలో కట్టేస్తాడు. కింద కేబుల్ పోతే ఎక్కడ పోయిందో వెతకడానికి వ్యాన్ రావాలి, రోడ్డు తవ్వడానికి పర్మిషన్ రావాలి, జాయింట్ వేసే మనిషి దొరకాలి. అన్నిటికన్నా ముందు జేసీబీ. ఒకరు నీళ్ల పైపు కోసం, ఇంకొకరు డ్రైనేజీ కోసం, ఇంకొకరు ఫైబర్ కోసం ఒకే రోడ్డును ఏడాదికి మూడు సార్లు తవ్వే చోట డక్ట్ (కేబుల్‌ను కాపాడే గొట్టం) లేకుండా పూడ్చిన కేబుల్ ఎన్నాళ్లు ఉంటుంది?

అందుకని నేను అడిగేది ఇది. మెయిన్ రోడ్ల మీద 11 కేవీ, 33 కేవీ నేలలోకి వెళ్లాలి, డక్టుతో, రెండు వైపుల నుంచి సప్లై వచ్చే రింగ్‌తో. రింగ్ లేకపోతే వేయొద్దు, పైన ఉండటమే మేలు. సన్నని సందుల్లో ఇళ్ల మధ్య ఎల్‌టీకి ఇన్సులేషన్ ఉన్న ఏబీ కేబుల్ చాలు. పాతబస్తీ సందుల్లో, పత్తర్‌గట్టి వెనక, బాల్కనీలో నిలబడి చేయి చాపితే తీగ అందే చోట్ల ముందుగా ఇదే చేయాలి, ఐటీ కారిడార్ అందం కోసం తర్వాత చూడొచ్చు.

లైన్‌మన్‌ల మాట ఒక్కటి. లైన్ క్లియర్ తీసుకుని, అంటే సప్లై ఆపించి, స్తంభం ఎక్కిన మనిషికి కింద ఎవరి జనరేటర్ నుంచో వెనక్కి కరెంటు వస్తే ప్రాణం పోతుంది. మీ అపార్ట్‌మెంట్ జనరేటర్‌కు చేంజోవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు బయటి లైన్‌లోకి వెళ్లకుండా ఆపేది) సరిగ్గా ఉందో లేదో ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. మా వీధిలో నాలుగు పోగులు వేసిన ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి ఆయన చుట్టూ ముప్పై మంది అరుస్తున్నారు, ఆ ముప్పై మందిలో నేనూ ఉన్నాను, అలా వేయకూడదని తెలిసీ నోరు విప్పలేదు.

మా వీధి సంగతి ఇంకా తేలలేదు. కాలిపోయినదాని చోట మళ్లీ 160 కేవీఏదే పెట్టారు. రెండోదానికి మంజూరు వచ్చింది, చోటు చూపిస్తే బిగిస్తామన్నారు. నా లెక్క ప్రకారం పార్కు ఈశాన్యం మూల సరిపోతుంది, దిమ్మె కట్టి చుట్టూ కంచె వేస్తే పిల్లల ఊయలకు పది అడుగుల దూరం మిగులుతుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని ఇద్దరు, పిల్లలు ఆడుకునే చోట ప్రమాదమని ముగ్గురు అన్నారు. పిల్లల భయం నిజమైనదే, దానికి సమాధానం చెప్పాల్సిన బాధ్యత నాది. అది వద్దంటే ఇంకొక చోటుంది, మా సొంత అపార్ట్‌మెంట్ ముందు, నా కారు పెట్టుకునే జాగా. మా ఆవిడతో మాట్లాడాను, సరే అంది. మాస్టారు కూడా వస్తానన్నారు. వచ్చే ఆదివారం మీటింగ్, టేపు తీసుకుని రెండు చోట్లా కొలిచి, కొలతలు గోడ మీద సుద్దతో గీసి చూపిస్తాను.